వస పరిచిన గది

బూట్లలోకి నీళ్లొచ్చేదాకా సరస్సులోకి దిగి
వస కోశాను.
కత్తి మన వంటింటిదే, రొట్టె కోసేది.
నీ వంకీ కత్తి ఎక్కడ దాచావో
నువ్వు చెప్పలేవు, నేను అడగలేదు.

బర్చ్ కొమ్మలు మాత్రం
రోడ్డు వెడల్పు చేస్తున్నచోట
కొట్టి పడేసినవాటిలోంచి ఏరుకున్నాను.
తొమ్మిది చంకన పట్టాయి.
పదోది ఈడ్చుకుంటూ వచ్చాను.

ట్రాములో ఉల్విస్ ఉన్నాడు,
నా దగ్గర నడపడం నేర్చుకున్న చివరి కుర్రాడు.
టికెట్ వద్దన్నాడు. కొన్నాను.
కొమ్మలకీ కొనాలా అంటే నవ్వాడు.
లియెపాయలో సగంమంది ఇవాళ
అడవిని మోసుకునే ఎక్కుతున్నారట.
ముప్పై ఒక్క ఏళ్లు ఆ అద్దం ముందు కూర్చున్నదాన్ని,
ప్రతి జూన్ ఇరవైమూడుకీ
అద్దం మూలన ఒక రెమ్మ కట్టుకుని
ఊరంతా తిప్పినదాన్ని,
వెనక సీట్లో ఆకుల చాటున కూర్చున్నాను.
ఎవరి పాపో, నా కొమ్మ మీది గొంగళిపురుగుకి
వచ్చే స్టాపుల పేర్లు చెబుతోంది.

ఐదంతస్తులు. లిఫ్టు ఎప్పటిలాగే.
మూడో అంతస్తులో వెల్టా తలుపు తీసి
మెట్ల మీద రాలిన ఆకుల్ని చూసింది, నన్ను చూసింది,
చీపురు తెచ్చి చేతిలో పెడుతుందనుకున్నాను.
రెండు కొమ్మలు అడిగి తీసుకుంది.

ఇక నువ్వు.
వసపిట్టవి కదా ఒకప్పుడు!
చేపల ధర దగ్గర మొదలెట్టి చంద్రుడి దాకా
ఎదుటివాడి టీ చల్లారిపోయినా వదిలేవాడివి కాదు.
నాకు మాత్రం, ఏది అడిగినా, ఒకటే మాట:
చూద్దాం.
బాల్కనీకి రంగు వేద్దామా? చూద్దాం.
మా చెల్లెలింటికి వెళదామా? చూద్దాం.
ఫిబ్రవరిలో నీ తలలో ఏదో నరం చిట్లి
మాటలన్నీ కొట్టుకుపోతే
ఒడ్డున మిగిలింది అదొక్కటే.
ఆకలేస్తోందా? చూద్దాం.
నొప్పి ఎక్కడ? చూద్దాం.
నర్సు నవ్వేసేది.
నేను బయటికెళ్లి గోడని తన్నేదాన్ని.

అద్దానికి రెండు కొమ్మలు.
తలుపు మీద రోవన్ రెమ్మ, దయ్యాలు రాకుండా,
ఐదంతస్తులు ఎక్కే ఓపిక వాటికుంటే.
టీవీ వెనక ఒకటి, నీ మందుల అలమర మీద ఒకటి.
ఓక్ కొమ్మ చేతికందలేదు.
అందుకని నీ కిరీటం గడ్డితోనే అల్లాను,
పిల్లితోకల్లా ఊగే గడ్డి, మధ్యలో
పసుప్పచ్చ పూలది ఒకటి, దాని పేరు మర్చిపోయాను.
నువ్వుంటే చెప్పేవాడివి, అని పైకే అనేశాను.
నువ్వక్కడే ఉన్నావు.

కిరీటం తీసి రేడియోకి పెట్టావు.

ఆఖర్న వస పరిచాను
గుమ్మం నుంచి కిటికీ దాకా,
తడి ఆకులు, పొడుగ్గా, నేల కనపడకుండా.
నడక ఫ్రేము పట్టుకుని లేచావు.
జారిపడతావని అరిచాను.
నాలుగు రబ్బరు కాళ్లు, నీవి రెండు.
అడుగు పడ్డచోటల్లా ఆకు నలిగి
నారింజ తొక్కా బురదా పాత పడవా
అన్నీ కలిసిన ఆ వాసన లేచింది.
సగం దారిలో ఆగావు.
కావాలని
మడమ తిప్పి ఇంకోసారి నలిపావు.

టీవీ వెనక కొమ్మ లాగేశావు.
ఎడం చేత్తో దాన్ని కిటికీ దాకా తీసుకెళ్లడానికి
గ్యాస్ మీద ఒక కెటిల్ నీళ్లు మరిగి, ఈలేసి, ఆగిపోయాయి.
కర్టెన్ కడ్డీలో గుచ్చబోతే జారింది.
నేను కదల్లేదు.
మళ్లీ జారింది.
మూడోసారి నిలిచింది.
పదిన్నర దాటినా చావని వెలుతురు
ఆకుల్లోంచి దిగి నీ చొక్కా మీద కదులుతోంది.

వంకరగా ఉంది, అన్నాను.
చూద్దాం, అన్నావు,
కొంచెం జరిగి పక్కన చోటిచ్చి.

చూశాం.
గొంగళిపురుగు ఇంకా ఆ కొమ్మ మీదే ఉంది,
దిగాల్సిన స్టాపులన్నీ దాటిపోయి.